చిట్టెలుకల ఊపిరితిత్తులలో బూజు న్యుమోనియా: కాలనీలు తగ్గుతున్నాయి, జబ్బు ముదురుతోంది, ఏ పరీక్షను నమ్మాలి?

ప్రశ్న – పరిశోధక విద్యార్థిని, బరంపురం (గంజాం జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. నేను బరంపురంలో ఉంటూ సూక్ష్మజీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ప్రయోగశాలలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగిన మా వంటివారికి ఇటువంటి విషయాన్ని తెలుగులో అడగగలిగే చోటు అరుదుగా దొరుకుతుంది గనుక కొంత విపులంగానే రాస్తున్నాను.

ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు వల్ల వచ్చే న్యుమోనియాను చిట్టెలుకలలో కలిగించి, దానిని ఏ పరీక్ష ఎంత త్వరగా పట్టుకోగలదో చూడటం నా పని. సైక్లోఫాస్ఫమైడ్, కార్టిసోన్ అసిటేట్ అనే స్టెరాయిడ్ ఇచ్చి ముందుగా రోగనిరోధకశక్తిని తగ్గించి, మత్తులో ఉన్న ఎలుక ముక్కులోకి బీజాంశాల ద్రావణాన్ని చుక్కలుగా వదులుతున్నాను. ఆ తర్వాత ఒకటో రోజున, మూడో రోజున, ఐదో రోజున కొన్నింటి ఊపిరితిత్తులను తీసి, హోమోజినైజర్‌లో మెత్తగా నూరి, సాబురాడ్ అగార్ ప్లేట్ల మీద పరచి, 37 డిగ్రీల దగ్గర పెంచి కాలనీలను (ప్లేటు మీద విడివిడిగా పెరిగిన బూజు గుంపులను) లెక్కిస్తున్నాను.

నన్ను కలవరపెడుతున్నది ఈ లెక్కే. ఒకటో రోజున కాలనీలు అత్యధికంగా వచ్చాయి. మూడో రోజుకు స్పష్టంగా తగ్గాయి, ఐదో రోజుకు ఇంకా తగ్గాయి. కానీ జంతువులు కోలుకోవడం లేదు. వాటి బరువు పడిపోతోంది, రోమాలు నిక్కబొడుచుకుంటున్నాయి, శ్వాస కష్టమవుతోంది, కోసి చూస్తే ఊపిరితిత్తుల మీద ముదురు ఎరుపు మచ్చలు కనిపిస్తున్నాయి. అదే ఎలుకల రక్తరసంలో గెలాక్టోమానన్ (బూజు కణగోడలోని చక్కెర పదార్థం) సూచిక రోజురోజుకూ పెరుగుతోంది. అంటే ఒక పరీక్ష బూజు తగ్గుతోందని, మరొకటి పెరుగుతోందని చెబుతున్నాయి. కాలనీల లెక్కే ప్రామాణికమని, గెలాక్టోమానన్ పరీక్షలోనే ఏదో పొరపాటు జరిగి ఉంటుందని మా విభాగంలో కొందరి అభిప్రాయం. నాకు అది సమ్మతంగా లేదు, అయితే కాదని నిరూపించే ఆధారమూ నా చేతిలో లేదు. జంతు నైతిక సంఘం అనుమతించిన ఎలుకల సంఖ్య పరిమితం కాబట్టి ప్రయోగమంతా మళ్ళీ మొదటి నుండి చేసే అవకాశం లేదు. మిగిలిన జంతువులతో ఏమి చేస్తే నిజం తేలుతుందో అనుభవజ్ఞులు చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం – విశ్రాంత పశువైద్య వ్యాధినిర్ధారకుడు, పర్లాకిమిడి

అమ్మా, మీ రెండు పరీక్షలూ నిజమే చెబుతున్నాయి, కాకపోతే అవి చూస్తున్న వస్తువు ఒకటి కాదు.

బీజాంశం అనేది విడిగా ఉండే ఒక కణం. మీరు ముక్కులో వదిలిన మొదటి రోజున ఊపిరితిత్తిలో ఉన్నవి ఎక్కువగా ఈ విడి బీజాంశాలు, లేదా అప్పుడే మొలకెత్తుతున్నవి. ప్లేటు మీద పడిన ప్రతి బీజాంశం ఒక కాలనీ అవుతుంది కాబట్టి లెక్క పెద్దగా వస్తుంది. అవి మొలకెత్తి తంతువులుగా సాగి, కొమ్మలు వేసి, ఒకదానితో ఒకటి పెనవేసుకున్నాక పరిస్థితి మారిపోతుంది. ఎన్నో కణఖండాలున్న తంతువుల ముద్ద మొత్తం ప్లేటు మీద ఒకే కాలనీగా లేస్తుంది. ఆ ముద్దను విడదీద్దామని హోమోజినైజర్‌ను గట్టిగా తిప్పితే తంతువులు తెగి, తెగిన ఖండాలలో చాలా భాగం చచ్చిపోతాయి, అవి అసలు కాలనీ కట్టవు. తక్కువ నూరినా లెక్క తగ్గుతుంది, ఎక్కువ నూరినా తగ్గుతుంది. అందువల్ల మూడో రోజున కాలనీలు తగ్గడం జబ్బు తగ్గిందనడానికి గుర్తు కాదు. అనేక సందర్భాలలో బీజాంశాలు తంతువులుగా మారాయనడానికే గుర్తు. క్రిప్టోకాకస్ వంటి ఈస్టు రూపంలో ఉండే శిలీంధ్రానికైతే కాలనీల లెక్క చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ ఒక కణం ఒక కాలనీయే. తంతువులు వేసే బూజుకు అదే కొలబద్దను తెచ్చి పెట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఈ లోపాన్ని పరిశోధకులు చాలా కాలం క్రితమే గుర్తించారు. 1975 నాటికే చిట్టెలుకల మూత్రపిండాలలో ఆస్పర్‌జిల్లస్ పెరుగుదలను కాలనీలతో కాక, తంతువుల గోడలోని కైటిన్‌ను కొలిచి అంచనా వేశారు.

ఇక మీకు అవసరమైన సాక్ష్యం కణజాల పరీక్షలో ఉంది. చిట్టెలుకకు ఎడమ ఊపిరితిత్తి ఒకే తమ్మె, కుడివైపు నాలుగు తమ్మెలు ఉంటాయి. ఈ సౌకర్యాన్ని వాడుకోండి. కుడి శ్వాసనాళాన్ని దారంతో కట్టి, ఆ నాలుగు తమ్మెలను కోసి కల్చరుకు, పీసీఆర్‌కు (డీఎన్‌ఏను కొలిచే పరీక్షకు) తీసుకోండి. ఎడమదానిలోకి శ్వాసనాళం గుండా 10 శాతం తటస్థ ఫార్మలిన్‌ను సుమారు 20 నుండి 25 సెంటీమీటర్ల నీటి మట్టపు ఒత్తిడితో నింపి ఉబ్బించి అట్లాగే నిల్వచేయండి. ఉబ్బించకుండా ఫార్మలిన్‌లో పడేసిన ఊపిరితిత్తి ముడుచుకుపోయి, గాలితిత్తులకూ వాపుకూ తేడా తెలియకుండా చేస్తుంది. ఇలా చేస్తే ఒకే జంతువు నుండి అన్ని పరీక్షలకూ నమూనా దొరుకుతుంది, సంఘాన్ని అదనపు ఎలుకలు అడగనక్కరలేదు.

కోతలకు హెమటాక్సిలిన్-ఇయోసిన్ రంజనంతో పాటు గోమోరి-గ్రోకాట్ మెథనమీన్ సిల్వర్ రంజనం తప్పక చేయించండి. మొదటిది జంతువు శరీరం ఎలా స్పందించిందో చూపిస్తుంది, రెండవది ఆకుపచ్చని నేపథ్యం మీద శిలీంధ్రాన్ని నల్లగా ఎత్తి చూపిస్తుంది. ఆస్పర్‌జిల్లస్ తంతువులు సన్నగా, సమానమైన వెడల్పుతో, అడ్డుగోడలతో, దాదాపు 45 డిగ్రీల కోణంలో చీలుతూ కనిపిస్తాయి. వెడల్పుగా, రిబ్బనులాగా మడతలు పడి, అడ్డుగోడలు చాలా అరుదుగా ఉండి, లంబకోణంలో చీలేవి కనిపిస్తే అది మ్యూకర్ వర్గం. 2021లో మన దేశమంతటా భయపెట్టిన బ్లాక్ ఫంగస్ ఈ వర్గానిదే. ఒక్క కోత చూసి లేదనకండి. ముక్కు ద్వారా వేసిన ద్రావణం ఊపిరితిత్తి అంతటా సమంగా పరచుకోదు కాబట్టి, బ్లాకులో కనీసం మూడు లోతులలో కోతలు తీయించండి.

ఇంకొక మాట. మీరు ఇచ్చిన రెండు మందులూ ఒకే రకమైన జబ్బును తేవు. సైక్లోఫాస్ఫమైడ్ వల్ల న్యూట్రోఫిల్ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) పడిపోయిన ఎలుకలో తంతువులు అడ్డూ ఆపూ లేకుండా పెరిగి రక్తనాళాలలోకి చొచ్చుకుపోతాయి, చుట్టూ వాపు మాత్రం తక్కువ. స్టెరాయిడ్ ఒక్కటే ఇచ్చిన ఎలుకలో బూజు తక్కువగానే ఉన్నా న్యూట్రోఫిల్‌లు గుంపులుగా చేరి, ఆ వాపే ఊపిరితిత్తిని దెబ్బతీస్తుంది. మీ మచ్చలలో ఏది ఎంతో స్లైడు తప్ప మరే పరీక్షా చెప్పలేదు. నా ఉద్యోగ జీవితమంతా కోళ్ళ ఫారాల మధ్య గడిచింది. వానాకాలంలో తడిసిన వరి ఊకను కోడిపిల్లల కింద పరచినప్పుడు వచ్చే బ్రూడర్ న్యుమోనియాలో, నోరు తెరుచుకుని ఆయాసపడే పిల్లల ఊపిరితిత్తులలో పసుపుపచ్చని గడ్డలను చిదిమి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే తంతువులు కళ్ళెదుట కనబడేవి. కల్చరులో పెరిగిన బూజు గాలిలో నుండి పడిందా, జంతువులో నుండి వచ్చిందా అన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది. కణజాలంలోకి చొచ్చుకుపోయిన తంతువును చూశాక ఆ అనుమానానికి చోటు లేదు.

సమాధానం – అణుజీవశాస్త్ర ప్రయోగశాల నిర్వాహకుడు, జయపురం (కోరాపుట్ జిల్లా)

పై సమాధానంతో ఏకీభవిస్తూ పీసీఆర్ గురించి మాత్రం చెబుతాను. తంతువుల పరిమాణాన్ని అంకెలలో చూపించాలంటే కాలనీల లెక్కకు బదులుగా, శిలీంధ్రపు 18ఎస్ రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ జన్యువును లక్ష్యంగా పెట్టుకున్న రియల్ టైమ్ పీసీఆర్ వాడటం చాలాకాలంగా ఆచరణలో ఉంది. తంతువు పెరిగేకొద్దీ కేంద్రకాలు పెరుగుతాయి, కేంద్రకాలతో పాటు డీఎన్‌ఏ పెరుగుతుంది, అందువల్ల ముద్ద కట్టినా కొలత తగ్గదు.

అయితే మూడు చోట్ల జాగ్రత్త అవసరం. మొదటిది డీఎన్‌ఏను బయటికి తీయడం. ఆస్పర్‌జిల్లస్ గోడ చాలా గట్టిది, రక్తం నుండి డీఎన్‌ఏ తీసే మామూలు కిట్ దానిని పగలగొట్టలేదు, గాజు లేదా జిర్కోనియా పూసలతో బీడ్ బీటర్‌లో కొట్టాల్సిందే. గోడను కరిగించడానికి ఎంజైములు వాడే పద్ధతి కూడా ఉంది గాని, ఆ ఎంజైము సీసాలలోనే శిలీంధ్ర డీఎన్‌ఏ కలిసి ఉండి లేని జబ్బును చూపించిన సందర్భాలు తెలిసినవే. కాబట్టి నమూనా లేకుండా కేవలం రసాయనాలతో మొదటి మెట్టు నుండి చివరి మెట్టు వరకు నడిపిన ఖాళీ గొట్టం ప్రతి విడతలోనూ ఉండాలి. రెండవది, ఊపిరితిత్తి కణజాలమూ రక్తమూ పీసీఆర్‌ను అణచివేయగలవు. నమూనాలో మొదటే తెలిసిన మోతాదులో వేరే డీఎన్‌ఏను కలిపి, చివరికి అది సరిగా తిరిగి వస్తోందో లేదో చూసుకోండి. మూడవది, ఈ జన్యువు ఒక్కొక్క కేంద్రకంలో పదుల కొద్దీ ప్రతులలో ఉంటుంది, ఆ సంఖ్య ఒక్కొక్క వంశానికి (స్ట్రెయిన్‌కు) ఒక్కొక్క విధంగా ఉంటుంది. అందువల్ల మీరు ఎలుకకు ఇచ్చిన వంశపు బీజాంశాలనే లెక్కపెట్టి, ఆరోగ్యవంతమైన ఎలుక ఊపిరితిత్తి ముద్దలో కలిపి, వాటితోనే ప్రామాణిక రేఖ గీయాలి. వేరే వంశంతో గీసిన రేఖ మీద చదివిన అంకెకు విలువ ఉండదు.

పీసీఆర్‌కూ తనదైన లోపం ఉంది. చచ్చిన శిలీంధ్రపు డీఎన్‌ఏను కూడా అది లెక్కిస్తుంది. మీరు మందులు పరీక్షించడం లేదు గనుక ప్రస్తుతానికి ఇది పెద్ద అడ్డంకి కాదు. మందు పరీక్షించేవారు మాత్రం ఇంకొకటి గుర్తుంచుకోవాలి: కాస్పోఫంగిన్ వంటి మందు తంతువును పూర్తిగా చంపకుండా పొట్టి తునకలుగా చేసినప్పుడు కాలనీల లెక్క తగ్గకపోగా పెరిగినట్లు కూడా కనిపించవచ్చు.

మీరు రాసిన దానిలో ఒక లోటు కనిపించింది. బీజాంశాలు వేసిన ఒక గంటలోపు రెండు మూడు ఎలుకలను తీసి చూశారా? ముక్కులో వేసినదానిలో కొంత కడుపులోకి పోతుంది, కొంత ముక్కులోనే ఉండిపోతుంది. ఊపిరితిత్తికి అసలు ఎంత చేరిందో తెలియకపోతే ఆ తర్వాతి రోజుల అంకెలను దేనితో పోల్చాలి? ఆ గంట నమూనాలో కాలనీల లెక్కా పీసీఆర్ లెక్కా దాదాపు కలవాలి, ఎందుకంటే అప్పుడున్నవి విడి బీజాంశాలే. మూడో రోజుకు ఆ రెండు గీతలు విడిపోతే, పెద్దాయన చెప్పిన సంగతి మీ సొంత అంకెలతోనే రుజువవుతుంది.

ప్రశ్నించినవారి జవాబు – బరంపురం

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. గంట నమూనా నేను తీయలేదు. మిగిలిన ఎలుకలలో మూడింటిని దానికి కేటాయిస్తాను. ఎడమ ఊపిరితిత్తులను మొదటి విడతలో కూడా ఫార్మలిన్‌లో ఉంచాను గాని ఉబ్బించలేదు, అయినా బ్లాకులు చేయిస్తాను. గెలాక్టోమానన్ విషయంలో ఒక సందేహం మిగిలింది. ఒక్క ఎలుక నుండి వచ్చే రక్తరసం సరిపోక, ఒకే రోజున తీసిన మూడు ఎలుకల రక్తరసాన్ని కలిపి పరీక్షించాను. ఇది తప్పా? దానికి బదులుగా బీటా గ్లూకాన్ (శిలీంధ్రాల గోడలోని మరొక చక్కెర పదార్థం) పరీక్ష చేయవచ్చా?

సమాధానం – ఆసుపత్రి ప్రయోగశాల సూక్ష్మజీవశాస్త్రజ్ఞురాలు, రాయగడ

కలపడం వల్ల అంకె తప్పు కాదు గాని సాక్ష్యం బలహీనపడుతుంది. మూడు ఎలుకల రసం కలిపితే మీకు మిగిలేది ఒక్క కొలత మాత్రమే, మూడు కాదు. మూడింటిలో ఒక్కదానికి తీవ్రమైన జబ్బు ఉండి మిగతా రెండూ బాగున్నా కలిపిన రసం పాజిటివ్ అనే చెబుతుంది. గెలాక్టోమానన్‌ను ప్రతిరక్షకాలతో కొలిచే ఎలిసా పద్ధతిలో ఒక్కొక్క నమూనాకు 300 మైక్రోలీటర్ల రక్తరసం కావాలి. 25 గ్రాముల ఎలుకలో మొత్తం రక్తమే 2 మిల్లీలీటర్లకు మించదు, చివరిసారిగా గుండె నుండి తీసినా అందులో సగం చేతికి వస్తే గొప్ప, రక్తరసం దానిలో మళ్ళీ సగం. కాబట్టి ఒక్క ఎలుక నుండి ఒక్క పరీక్షకు బొటాబొటిగా సరిపోతుంది. సరిపోనప్పుడు ఆరోగ్యవంతమైన ఎలుక రక్తరసంతో అన్ని నమూనాలనూ ఒకే పాళ్ళలో పలుచన చేసి, ఆ సంగతిని స్పష్టంగా రాసి, విడివిడిగా పరీక్షించడం మేలు.

మనుషులకు పెట్టిన హద్దులను ఎలుకలకు అంటగట్టకండి. కిట్‌తో వచ్చే 0.5 సూచిక మనిషి రక్తరసానికి నిర్ణయించినది. మనుషులలోనే 2020లో సవరించిన పరిశోధన నిర్వచనాలు ఒకే ఒక్క రక్తరస ఫలితానికి 1.0 ఉండాలన్నాయి. మీ హద్దు మీ దగ్గరే తయారు కావాలి. అవే మందులు ఇచ్చి, బీజాంశాలు లేని ఉప్పునీటిని ముక్కులో వేసిన ఎలుకలలో సూచిక ఎంత వస్తుందో చూసి, దానికి పైన గీత గీయండి. ఈ పరీక్షలోని ప్రతిరక్షకం పెన్సిలియం వంటి ఇతర బూజుల గెలాక్టోమానన్‌ను కూడా పట్టుకుంటుంది కాబట్టి, మేతలో బూజు ఉన్నా తెలుస్తుంది.

మీ గెలాక్టోమానన్ పెరగడంలో వింత లేదు. తంతువు పెరుగుతున్నప్పుడే అది ఎక్కువగా విడుదలవుతుంది, రక్తనాళాలలోకి చొచ్చుకుపోయినప్పుడు రక్తంలో తేలుతుంది. ఆసుపత్రిలో మేమూ ఇదే చూస్తాం: న్యూట్రోఫిల్‌లు పడిపోయిన రోగులలో రక్తరసం బాగా పట్టిస్తుంది, స్టెరాయిడ్‌ల మీద ఉన్నవారిలో రక్తరసం నెగటివ్ వచ్చి, ఊపిరితిత్తిని కడిగి తీసిన ద్రవం పాజిటివ్ వచ్చే సందర్భాలు ఎక్కువ. వీలైతే ఎలుకలోనూ ఊపిరితిత్తిని కడిగిన ద్రవాన్ని పరీక్షించండి. ఎంత ద్రవం ఎక్కించారో, ఎంత తిరిగి వచ్చిందో ప్రతి జంతువుకూ రాసిపెట్టకపోతే ఆ అంకెలను పోల్చలేం. కడిగిన ఊపిరితిత్తి కణజాల పరీక్షకు అంత బాగా పనికిరాదు కాబట్టి ఆ జంతువులను వేరుగా పెట్టుకోవాలి.

బీటా గ్లూకాన్ పరీక్షకు 5 మైక్రోలీటర్లు చాలు. చిట్టెలుకలతో పని చేసేవారికి ఇది నిజంగా వరం. దానిలోని రసాయనం అమెరికా తీరపు గుర్రపునాడా పీత రక్తకణాల నుండి వస్తుంది. దాని దగ్గరి బంధువు మన ఒడిశా ఉత్తర తీరంలో బాలేశ్వర్ దగ్గర ఇసుకలో గుడ్లు పెడుతుంది. కానీ ఈ పరీక్ష ఎంత సున్నితమైనదో అంత త్వరగా మోసపోతుంది. దూది, గాజుగుడ్డ, సెల్యులోజ్ ఫిల్టరు తగిలినా గ్లూకాన్ అంటుకుంటుంది. ఆటోక్లేవ్ చేసినంత మాత్రాన అది పోదు, గాజు సామాను పొడి వేడిలో కిట్ తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రత దగ్గర, చెప్పినంతసేపు ఉంచాలి, లేదా గ్లూకాన్ లేదని ధ్రువీకరించిన ప్లాస్టిక్ గొట్టాలు వాడాలి. ఎర్రకణాలు చితికి ఎర్రబారిన రక్తరసాన్ని పక్కన పెట్టండి. పైగా ఈ పరీక్ష బూజు పేరు చెప్పదు: ఆస్పర్‌జిల్లస్‌కూ, క్యాండిడాకూ, ప్రయోగశాలలో కల్చరుకు లొంగని న్యుమోసిస్టిస్ అనే శిలీంధ్రానికీ పాజిటివ్ అవుతుంది, మ్యూకర్ వర్గానికి మాత్రం మౌనంగా ఉంటుంది. పెంపకపు చిట్టెలుకల గుంపులలో న్యుమోసిస్టిస్ మ్యూరినా కనబడకుండా దాగి ఉండటం కొత్త కాదు, మీరు ఇచ్చే స్టెరాయిడ్ దానిని మేల్కొల్పగలదు. సిల్వర్ రంజనంలో తంతువులు లేకుండా గిన్నెల్లా నొక్కుకుపోయిన గుండ్రని నల్లటి తిత్తులు కనిపిస్తే గ్లూకాన్ ఎందుకు పెరిగిందో తెలిసినట్లే.

సమాధానం – విశ్రాంత పశువైద్య వ్యాధినిర్ధారకుడు, పర్లాకిమిడి

రాయగడ సోదరి చెప్పిన ఉప్పునీటి ఎలుకల గురించి ఒక్క మాట కలుపుతాను. వాటి ఊపిరితిత్తులను కూడా కల్చరుకూ పీసీఆర్‌కూ కణజాల పరీక్షకూ పంపండి, ప్రతికూల నమూనాలు కదా అని పారేయకండి. మీ బోనులలో పరుపు ఏమిటి? వరి ఊకగానీ, ఆటోక్లేవ్ చేయని మొక్కజొన్న కండెపొడిగానీ అయితే జూలై నుండి అక్టోబరు వరకు మన ప్రాంతపు తేమలో దానిలోనే ఆస్పర్‌జిల్లస్ పెరుగుతుంది. రోగనిరోధకశక్తి తగ్గిన జంతువు దానిని పీల్చుకుంటే మీరు వేయని జబ్బు కూడా మీ లెక్కలోకి వస్తుంది. స్లైడులను చదివేవారికి ఏ స్లైడు ఏ గుంపుదో తెలియనివ్వకండి. బరువు ఐదో వంతు తగ్గిన ఎలుకను, ఒళ్ళు చల్లబడిన ఎలుకను మరునాటి కోసం ఆపవద్దు. రాత్రి చనిపోయిన జంతువులో పొద్దున్నకు బూజు ఎంత పెరిగిందో, అది బతికి ఉండగా ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. ఆ జంతువు బాధ కూడా వృథా అవుతుంది.

ప్రశ్నించినవారి జవాబు – బరంపురం (మూడు వారాల తర్వాత)

మొదటి విడత బ్లాకులకు సిల్వర్ రంజనం పూర్తయింది. మూడు లోతులలో కోతలు తీయించాము, చదివినవారికి గుంపుల వివరం చెప్పలేదు. ఒకటో రోజు స్లైడులలో చిన్న శ్వాసనాళాల గోడల మీద గుండ్రని బీజాంశాలు, అక్కడక్కడా పొట్టి మొలకలు కనిపించాయి. కాలనీలు తగ్గిన మూడో రోజు స్లైడులలో తంతువులు శ్వాసనాళాల గోడ దాటి, పక్కనున్న రక్తనాళంలోకి చొచ్చుకుపోయి ఉన్నాయి. ఐదో రోజున కొన్నిచోట్ల గాలితిత్తులు కనబడనంతగా తంతువుల అల్లిక ఉంది, దాని చుట్టూ న్యూట్రోఫిల్‌లు చాలా తక్కువ. ఊపిరితిత్తిని ఉబ్బించకపోవడం వల్ల వాపును సరిగా అంచనా వేయలేకపోయాము, ఆ పని రెండో విడతకు మిగిలింది.

పెద్దాయన పరుపు గురించి అడిగినది నిజమైంది. ఉప్పునీటి ఎలుకలలో ఒకదాని కల్చరులో రెండు కాలనీలు వచ్చాయి, దాని కణజాలంలో మాత్రం ఏమీ లేదు. బోనులో పరచిన కండెపొడిని ప్లేటు మీద చల్లి చూస్తే బూజు పెరిగింది. సంచిని తెరిచిన తర్వాత ఆటోక్లేవ్ చేయకుండా వాడుతున్నామని అప్పుడు తెలిసింది. ఆ సంచిని తీసివేసి, ఇప్పుడు ప్రతి విడత పరుపునూ ఆటోక్లేవ్ చేసి, దానిలో చిటికెడు ప్లేటు మీద వేసి చూశాకనే బోనులలో పరుస్తున్నాము. గంట నమూనాలకు కేటాయించిన మూడు ఎలుకలను సోమవారం తీస్తాము, బీడ్ బీటర్ కోసం జయపురం వారిని సంప్రదించాను.